తడి గరిటె

పేరు దగ్గరే పొరపాటు జరిగింది. 2021 మే నెలలో హైదరాబాదు కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయిన రోజుల్లో ఆ జబ్బుని అందరం బ్లాక్ ఫంగస్ అన్నాం. నిజానికి ఆ ఫంగస్ నల్లగా ఉండదు. ప్రయోగశాలలో పళ్లెంలో పెంచితే ముందు దూదిలా తెల్లగా లేస్తుంది, తరవాత బూడిదరంగుకి తిరుగుతుంది. నల్లబడేది మనిషి కండ. నెత్తురు అందక చచ్చిపోయిన కండ ముక్కులోనూ అంగిట్లోనూ నల్లటి పెచ్చులా కనిపిస్తుంది. ఆ పెచ్చు రంగుని తీసుకెళ్లి ఫంగస్‌కి పులిమాం. ఆ వెంటనే టీవీల్లో వైట్ ఫంగస్, ఎల్లో ఫంగస్ కూడా వచ్చాయి. ఇంద్రధనుస్సులో మిగతా రంగులు ఎలా తప్పించుకున్నాయో తెలీదు.

అసలు పేరు మ్యూకార్‌మైకోసిస్. దీనికి కారణమయ్యే వాటిలో ముఖ్యమైనది రైజోపస్. ఇది మనకి కొత్త ముఖం కాదు. తడిపిన బ్రెడ్డు ముక్క మీద గిన్నె బోర్లించి, మూడోరోజుకి లేచిన బూజుని సూక్ష్మదర్శిని కింద చూసి, రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి, మార్కులు వేయించుకున్న వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దాని అన్నదమ్ముల్లో ఒకదాన్ని ఇండోనేషియావాళ్లు ఉడికించిన సోయాగింజల మీద పెంచి, టెంపే అని పేరు పెట్టి, వేయించుకు తింటారు.

జబ్బు కూడా కొత్తది కాదు. ఆస్ట్రియా దేశపు వైద్యుడు పాల్టాఫ్ 1885లోనే ఇలాంటి రోగి గురించి రాశాడు. అయినా ఇది అరుదైన జబ్బుల జాబితాలోనే ఉండిపోయింది, 2021 దాకా. ఆ ఏడు జులై నాటికి దేశంలో 45 వేల పైచిలుకు కేసులు, 4,300 పైచిలుకు మరణాలు లెక్కకి వచ్చాయని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. తెలంగాణ దీన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. రైజోపస్ మాత్రం ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. మట్టిలో, ఎండుటాకుల్లో, కుళ్లిన పండులో, మనం పీల్చే గాలిలో. దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు మీ ముక్కులోకీ నా ముక్కులోకీ రోజూ వెళ్తూనే ఉన్నాయి.

ఆవకాయ కలిపి, జాడీకెత్తి, పైన నూనె తేలేలా చూసి, వాసెన కట్టిన ఇల్లాలికి ఈ సంగతి తెలుసు. ఆ జాడీలోకి బూజు సిద్ధబీజాలు మొదటిరోజే పడి ఉంటాయి. ఉప్పూ, కారం, నూనే వాటిని మొలవనివ్వవు. ఏడాదంతా అవి అలాగే పడుంటాయి. ఒకరోజు ఎవరో తొందరలో తడి గరిటె పెడతారు. వారానికి తెల్లటి బూజు. ఇంట్లో ఎవరూ “ఈ బూజు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడగరు. “తడి గరిటె ఎవరు పెట్టారు?” అనే అడుగుతారు. ఈ అధ్యాయంలో అడగవలసింది కూడా అదే.

ముందు ఉప్పూ నూనెల సంగతి. మన ఒంట్లో మొదటి కాపలా వేడి. చెట్లని, పురుగుల్ని, కప్పల్ని చంపే శిలీంధ్రాలు లెక్కలేనన్ని ఉన్నాయి. మనుషుల్ని పట్టి పీడించేవి వాటితో పోలిస్తే గుప్పెడు. ఎందుకు? 2009లో రాబర్ట్, కసాదెవాల్ అనే ఇద్దరు సుమారు 4,800 రకాల శిలీంధ్రాల నమూనాలు తీసుకుని ఏది ఎంత వేడిలో పెరుగుతుందో లెక్క చూశారు. 30 డిగ్రీల నుంచి 40 దాకా వేడి పెరిగే కొద్దీ ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం చొప్పున రాలిపోయాయి. మన 37 డిగ్రీలు చాలావాటికి వేసవి రోహిణీకార్తె లాంటివి. చలికాలమంతా గుహల్లో నిద్రపోయే గబ్బిలాల్ని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నిద్రలో వాటి ఒళ్లు చల్లబడుతుంది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో ముక్కు చుట్టూ తెల్లటి బూజుతో గబ్బిలాలు కనిపించాయి. ఆ తరవాత ఉత్తర అమెరికాలో అవి లక్షల్లో చచ్చిపోయాయి. మేలుకుని వెచ్చగా ఉన్న గబ్బిలాన్ని ఆ బూజు ఏమీ చెయ్యలేదు.

వేడికి తట్టుకునే రైజోపస్, ఆస్పర్జిల్లస్ అనే ఇంకో బూజు లాంటి కొన్నిటికి రెండో కాపలా ఉంది. ఊపిరితిత్తుల్లోకి చేరిన సిద్ధబీజాన్ని అక్కడి భక్షక కణాలు మింగేస్తాయి. వాటి కన్ను తప్పించుకుని ఏదైనా మొలకెత్తి తీగ సాగితే, ఆ తీగ మింగుడుపడేంత చిన్నది కాదు. అప్పుడు న్యూట్రోఫిల్ కణాలు వస్తాయి. తీగ చుట్టూ మూగి, ఘాటైన రసాయనాలు కక్కి, దాన్ని అక్కడే కాల్చేస్తాయి. సాధారణంగా ఒక ఘనమిల్లీమీటరు రక్తంలో ఇవి 1,500కి తక్కువ కాకుండా ఉంటాయి. రక్తక్యాన్సర్‌కి కీమోథెరపీ ఇచ్చినప్పుడు 500 కిందకి, ఒక్కోసారి 100 కిందకి పడిపోతాయి. అలా వారాల తరబడి ఉంటే ఊళ్లో పోలీసులందరూ సెలవు పెట్టినట్టే. ఎముక మజ్జ మార్పిడి వార్డుల్లోకి పూలగుత్తులు రానివ్వకపోవడానికీ, గాలిని వడకట్టి పంపడానికీ, ఆసుపత్రి ఆవరణలో గోడలు పగలగొడుతున్నారంటే డాక్టర్లు కంగారు పడడానికీ కారణం ఇదే. పూలకుండీలో మట్టి మనకి మట్టి, ఆ రోగికి కాదు.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో మ్యూకార్‌మైకోసిస్ అంటే ఎక్కువగా రక్తక్యాన్సర్ రోగుల జబ్బు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల జబ్బు. మన దేశంలో మాత్రం, కోవిడ్‌కి చాలాముందునుంచీ, అది అదుపు తప్పిన చక్కెర జబ్బుకి తోక. చాలామందికి తమకి షుగరు ఉన్నట్టు తెలిసేదే ముక్కులో ఈ బూజు పట్టాక. చక్కెరకీ బూజుకీ లంకె ఏమిటి? తీపి ఉంటే బూజు పెరుగుతుంది అని తేల్చేస్తే సగమే చెప్పినట్టు. మిగతా సగం ఇనుములో ఉంది. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన కథ.

ప్రాణమున్న ప్రతిదానికీ ఇనుము కావాలి, సూక్ష్మజీవులకి కూడా. అందుకే మన ఒళ్లు ఇనుముని ఎక్కడా విడిగా వదలదు. నెత్తుటిలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను దాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. రైజోపస్‌ని ఆరోగ్యవంతుడి రక్తరసంలో వేస్తే పెద్దగా పెరగదు, తినడానికి ఇనుము దొరకదు కనుక. చక్కెర జబ్బు ముదిరి ఇన్సులిన్ బొత్తిగా చాలనప్పుడు ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం పులుస్తుంది. ఆ పులుపుకి ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలుతుంది, ఇనుము జారిపోతుంది. 1982లో ఈ సంగతిని ప్రయోగంలో చూపించారు. కీటోన్లతో పులిసిన రోగుల రక్తరసంలో రైజోపస్ ఏపుగా పెరిగింది.

దీనికి బలమైన సాక్ష్యం ఒకటి డయాలిసిస్ గదుల నుంచి వచ్చింది. 1980లలో డయాలిసిస్ మీద ఉన్న కొందరికి ఒంట్లో పేరుకున్న అల్యూమినియాన్నీ ఇనుమునీ లాగెయ్యడానికి డెఫెరాక్సమిన్ అనే మందు ఇచ్చేవారు. ఇనుము తగ్గితే బూజుకి ఆకలి చావు తప్పదనుకోవాలి కదా? జరిగింది తలకిందులు. ఆ మందు తీసుకున్నవాళ్లకే మ్యూకార్‌మైకోసిస్ రావడం మొదలైంది. తరచి చూస్తే, డెఫెరాక్సమిన్ మట్టిలో ఉండే ఒక బాక్టీరియా తన కోసం ఇనుము ఏరుకోవడానికి చేసుకునే పదార్థం. అదే మట్టిలో కాపురం చేసే రైజోపస్‌కి దాని చేతిలోని ఇనుము లాక్కోవడం తాతలనాటి విద్య. మనం మందు అనుకుని ఇచ్చింది దానికి పళ్లెంలో వడ్డించిన భోజనమైంది.

ఆ తరవాత డెఫెరసిరాక్స్ అనే మరో మందు వచ్చింది. దీని నుంచి రైజోపస్ ఇనుము లాక్కోలేదు. ఎలకల్లో బాగా పనిచేసింది. మామూలు చికిత్సకి దీన్ని కలిపి 20 మంది రోగుల్లో పరీక్షించి, 2012లో ఫలితం ప్రకటించారు. డెఫెరసిరాక్స్ ఇచ్చిన 11 మందిలో 9 మంది మూడు నెలల్లో చనిపోయారు, ఇవ్వని 9 మందిలో ఇద్దరు. రెండు జట్లూ సమానంగా కుదరలేదు, మందు పడ్డవాళ్లలో మొదటినుంచే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు ఎక్కువ. కాబట్టి మందే చంపిందని అనడానికి లేదు. కానీ బతికించిందని అనడానికి అసలే లేదు. సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా వార్డులో పరీక్ష రాయక తప్పదు.

ఇనుము ఒక్కటే కాదు. చక్కెరా, కీటోన్లూ పెరిగినప్పుడు మన రక్తనాళాల లోపలిపూత కణాల మీద జీఆర్‌పీ78 అనే ప్రోటీను ఎక్కువవుతుంది. రైజోపస్ తన మీదున్న ఒక ప్రోటీనుతో దాన్ని గొళ్లెంలా పట్టుకుని రక్తనాళం గోడలోకి దూరుతుంది. ఈ బూజు క్రౌర్యమంతా ఇక్కడే ఉంది. నాళంలోకి దూరగానే అక్కడ నెత్తురు గడ్డకడుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కండ చచ్చిపోతుంది, నల్లబడుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, మనం నరంలోకి ఎక్కించే మందు కూడా ఆ నెత్తుటి దారినే పోవాలి. దారి మూసుకుంది. అందుకే దీనికి మందు ఒక్కటే చాలదు, చచ్చిన కండని కోసి తియ్యాలి. ముక్కు లోపలా, పక్కనున్న గాలి గదుల్లో, పై దవడలో, కనుగుంటలో. మెదడుకి పాకకుండా ఉండాలంటే ఒక్కోసారి కంటినే తీసేయాల్సి వస్తుంది.

ఇప్పుడు 2021కి రండి. కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు ప్రాణాలు నిలిపిందన్నది నిజం. బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో అది పనిచేసింది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి, రోజుకి 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మేలు కనిపించలేదు. మన దగ్గర జ్వరం వచ్చిన మొదటిరోజే, ఎక్కువ మోతాదులో, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి మందుల షాపులో కొనుక్కుని వారాల తరబడి వాడినవాళ్లు ఉన్నారు. స్టెరాయిడు రెండు పనులు చేస్తుంది. చక్కెర పెంచుతుంది, భక్షక కణాలకి మత్తు పెడుతుంది. చక్కెర జబ్బు ఇంతమందికి ఉన్న దేశంలో, కోవిడే రక్తనాళాల పూతని దెబ్బతీసిన సమయంలో, ఈ పని జరిగింది. పరిశ్రమల ఆక్సిజన్ వల్ల వచ్చిందనీ, ఆవిరి పట్టడం వల్ల వచ్చిందనీ, మాస్కుల వల్ల వచ్చిందనీ బోలెడు వాదాలు లేచాయి. అవి వార్తల్లో ఉన్నంత గట్టిగా పరిశోధనల్లో నిలవలేదు. చక్కెరా, స్టెరాయిడూ నిలిచాయి.

కాపలాదారుల్లో ఎవరు లేరో చెబితే ఏ దొంగ వస్తాడో చెప్పవచ్చు. న్యూట్రోఫిల్స్ లేనిచోట ఆస్పర్జిల్లస్, రైజోపస్. సీడీ4 రకం టీ కణాలనే తెల్ల రక్తకణాలు లేనిచోట వచ్చే ముఠా పూర్తిగా వేరు.

ఆ ముఠాని మొదట పసిగట్టింది డాక్టరు కాదు, మందుల లెక్క చూసే ఉద్యోగి. అమెరికాలో అంటువ్యాధుల కేంద్రంలో శాండ్రా ఫోర్డ్ అనే ఆవిడ అరుదైన మందులు పంపే పని చేసేది. పెంటమిడిన్ అనే మందుని అడిగేవాళ్లు ఏడాదికి ఏ కొద్దిమందో. న్యూమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి తెచ్చే నిమోనియాకి దాన్ని వాడతారు, ఆ నిమోనియా వచ్చేదేమో క్యాన్సర్ రోగులకీ, కిడ్నీ మార్చినవాళ్లకీ. 1981 వసంతంలో పెంటమిడిన్ కావాలంటూ వరసగా వినతులు రాసాగాయి. రోగులు కుర్రవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గడానికి కారణం ఏదీ రాసి లేదు. ఇదేదో తేడాగా ఉందని ఆవిడ పైవాళ్లకి చెప్పింది. జూన్ 5న లాస్ ఏంజలస్‌లోని ఐదుగురు రోగుల గురించి ఆ కేంద్రం ప్రకటన వెలువడింది. ఆ సీడీ4 కణాల్ని హరించే ఎయిడ్స్ చరిత్ర ఆ ప్రకటనతో మొదలైంది. చిత్రం ఏమిటంటే, న్యూమోసిస్టిస్‌ని అప్పట్లో ఏకకణ పరాన్నజీవి అనుకునేవారు. అది శిలీంధ్రమని దాని ఆర్‌ఎన్‌ఏ చదివి తేల్చింది 1988లో.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, కథ అంత విచిత్రం. వియత్నాంలో 1956లో ఒక వెదురు ఎలక కాలేయంలో కొత్త శిలీంధ్రం దొరికింది. ఇప్పుడు దాన్ని టలరోమైసిస్ మార్నెఫియై అంటున్నారు. గది వేడిలో బూజులా పెరిగి చుట్టూ ఎర్రటి రంగు కారుస్తుంది, 37 డిగ్రీల దగ్గర వేషం మార్చి ఈస్టు కణాల్లా ఉంటుంది. దానికి పేరు పెట్టిన సెగ్రెతాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకి ప్రయోగశాలలో సూది గుచ్చుకుని, ఆ వేలికే ఈ జబ్బు వచ్చింది. కోలుకున్నాడు. ఆ తరవాత చాలా ఏళ్లు ఇది పుస్తకాల్లో ఒక మూల పడి ఉంది. ఎయిడ్స్ రాగానే ఉత్తర థాయిలాండులో, దక్షిణ చైనాలో, వియత్నాంలో వందల మందిలో బయటపడింది. మన మణిపూర్‌లోనూ 1990ల చివర్లో హెచ్‌ఐవీ రోగుల్లో కనిపించింది. అక్కడా వెదురు ఉంది, వెదురు ఎలకలూ ఉన్నాయి. జ్వరం, బరువు తగ్గడం, దగ్గు, ముఖం మీద నడిమి నొక్కుకున్న పొక్కులు. పొక్కుల్ని పట్టించుకోకపోతే క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులే మింగిస్తారు.

కాపలా తగ్గించేవాటిలో మందులూ ఉన్నాయి కనుక ఇక్కడ మన భీమవరం ప్రసక్తి తేవాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందాల నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది, ఆరియోమైసిన్ వచ్చింది. మొదటిది రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి ప్రాణం పోసింది, ఇవాళ కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. రెండోది రకరకాల బాక్టీరియాని చంపింది. మొదటిది కాపలాదారుల సంఖ్య తగ్గిస్తుంది. రెండోదాని జాతి మందులు పేగుల్లో శిలీంధ్రాలకి పోటీగా ఉన్న బాక్టీరియాని ఊడ్చేస్తాయి. ఈ రెండూ కాండిడా అనే ఈస్టు లాంటివాటికి చోటు ఇస్తాయి. ఇది ఆయన తప్పు కాదు. ఆ మందులు లేకపోతే ఆ రోగులు బూజు పట్టేదాకా బతికేవాళ్లే కాదు. అరుదైన శిలీంధ్ర వ్యాధుల్లో చాలావాటిని వైద్యం గెలిచినచోట మిగిలిన బాకీ అనుకోవాలి. ఆయన పోయాక, 1953లో, హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. పాపం, అది ఎవరి జోలికీ పోదు.

కాపలా తప్పితేనే బూజు అన్న ఈ సూత్రం ఎంతదాకా సాగుతుందో కూడా చెప్పాలి. 1979లో ఉత్తర భారతంలో ఒక మామిడితోట మట్టిలో అపోఫైసోమైసిస్ అనే శిలీంధ్రాన్ని కనుక్కున్నారు. రైజోపస్‌కి చుట్టం. ఇది రోగనిరోధక శక్తి నిక్షేపంగా ఉన్నవాళ్లనీ పట్టుకుంటుంది, అయితే మట్టి అంటిన లోతైన గాయం కావాలి. 1993లో హైదరాబాదు నిమ్స్ వైద్యులు ఇలాంటి కేసుని లోకానికి చెప్పారు. 2011లో అమెరికాలో జాప్లిన్ అనే ఊరిని సుడిగాలి ఊడ్చేసినప్పుడు 13 మందికి ఈ బూజు గాయాల్లోంచి సోకింది, ఐదుగురు పోయారు. జాడీకి తడి గరిటె అక్కర్లేదు, జాడీయే పగిలితే చాలు.

ఇక పట్టుకోవడం. బాక్టీరియాని రక్తం పరీక్షలో పట్టుకున్నట్టు రైజోపస్‌ని పట్టుకోలేం. ఆస్పర్జిల్లస్‌ని పసిగట్టే రక్తపరీక్షలు దీని విషయంలో ఏమీ లేదనే చెబుతాయి. ముక్కులోంచి తీసిన చిటికెడు కండని పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేసి చూడడమే ఇప్పటికీ దగ్గరి దారి. కండ కరిగిపోతుంది, బూజు తీగలు మిగులుతాయి. వెడల్పుగా, రిబ్బనులా మడతలు పడుతూ, అడ్డుగోడలు దాదాపు లేకుండా, లంబకోణంలో కొమ్మలు వేస్తూ కనిపిస్తే మ్యూకార్ జాతి. సన్నగా, అడ్డుగోడలతో, వాలుగా చీలితే ఆస్పర్జిల్లస్ అని అనుమానించాలి. ఇది పాండిత్యం కోసం చెప్పే తేడా కాదు. ఆస్పర్జిల్లస్‌కి ఇచ్చే వొరికొనజోల్ మ్యూకార్ జాతి మీద పనిచెయ్యదు. పొరపడితే రోజులు వృథా, ఈ జబ్బులో రోజులు అంటే కనుగుంటకీ మెదడుకీ మధ్య దూరం. ప్రయోగశాలలో ఇంకో జాగ్రత్త ఉంది. కండని పెంపకానికి పెట్టేముందు రోట్లో నూరకూడదు. అడ్డుగోడలు లేని తీగ ఒకచోట తెగితే లోపలిదంతా కారిపోయి చచ్చిపోతుంది. నూరిన నమూనాలో ఏమీ మొలవకపోతే జబ్బు లేదనుకునే ప్రమాదం ఉంది. చిన్న కత్తితో ముక్కలు కోస్తే చాలు.

మందులు ఎందుకు ఇంత తక్కువ? జీవవృక్షంలో శిలీంధ్రాలు మొక్కలకన్నా మనకే దగ్గర చుట్టాలు. వాటి కణంలో జరిగే పనులు చాలావరకు మన కణంలో జరిగేవే. బాక్టీరియాని చంపడం పరాయివాణ్ణి కొట్టడం, శిలీంధ్రాన్ని చంపడం ఒకే ఇంట్లో దాయాదిని కొట్టడం. దొరికిన తేడాల్లో ఒకటి కణం పొరలో ఉండే కొవ్వు. మనది కొలెస్టరాల్, వాటిది ఎర్గోస్టెరాల్. 1950ల మధ్యలో వెనెజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలోని బాక్టీరియా నుంచి తీసిన ఆంఫోటెరిసిన్ ఈ ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుంటుంది. కొలెస్టరాల్‌ని కూడా కొంచెం పట్టుకుంటుంది, ఆ కొంచెమే కిడ్నీల్ని పాడుచేస్తుంది. అందుకే మందుని సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో చుట్టి ఇచ్చే లైపోసోమల్ రకం వచ్చింది. దీని మోతాదు కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకి ఆరు, వారాల తరబడి. ఏడాదికి ఏ కొద్దిమందికో సరిపోయేటట్టు తయారయ్యే మందుని ఒక్క నెలలో వేలమంది అడిగితే ఏమవుతుందో ఆ మే నెలలో చూశాం. కలెక్టరాఫీసుల చుట్టూ, ఫేస్‌బుక్ గుంపుల్లో, అర్ధరాత్రి ఫోన్లలో సీసాల కోసం తిరిగిన కుటుంబాలకి ఈ లెక్క వివరంగా చెప్పక్కర్లేదు. మెరుగైన మందు ఉండి అందకపోవడం మన దేశానికే పరిమితం కాదు. టలరోమైసిస్ సోకిన 440 మంది మీద వియత్నాంలో చేసిన పరీక్షలో, ఆంఫోటెరిసిన్‌తో మొదలుపెట్టినవాళ్లలో ఆరు నెలల్లో సుమారు 11 శాతం చనిపోతే, నోటితో మింగే ఇట్రాకొనజోల్‌తో మొదలుపెట్టినవాళ్లలో 21 శాతం చనిపోయారు. ఆ ఫలితం వచ్చిన 2017 నాటికి చాలా ఆసుపత్రుల్లో చవగ్గా దొరికేది ఆ మింగే మాత్రే.

ఇంతవరకు జాడీ గురించే మాట్లాడాను. బూజు మారలేదు, మనమే మారాం అన్నాను. ఒక్క దాని విషయంలో ఆ మాట అంత ధీమాగా అనలేను. కాండిడా ఆరిస్ అనే ఈస్టుని 2009లో జపానులో ఒక రోగి చెవిలో మొదట గుర్తించారు. కొద్ది ఏళ్లలోనే అది భారతదేశం, దక్షిణాఫ్రికా, వెనెజులాల్లోని ఐసీయూల్లో తేలింది. జన్యువులు చూస్తే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకినట్టు లేదు, అన్నిచోట్లా విడివిడిగా, దాదాపు ఒకేసారి లేచినట్టుంది. చాలా మందులకి లొంగదు, మంచాల కడ్డీల మీద రోజుల తరబడి బతుకుతుంది, 42 డిగ్రీల్లో కూడా పెరుగుతుంది. వాతావరణం వేడెక్కే కొద్దీ కొన్ని శిలీంధ్రాలు మన 37 డిగ్రీల గోడ ఎక్కడం నేర్చుకుంటున్నాయా అని కసాదెవాల్ అడిగింది దీన్ని చూసే. అది ప్రశ్నే, ఇంకా జవాబు కాదు. ఢిల్లీ పరిశోధకులు ఇది ఆసుపత్రుల బయట ఎక్కడుంటుందో వెతుకుతూ అండమాన్ తీరంలో మట్టీ నీళ్లూ తీసి చూశారు. 2021లో అచ్చయిన వాళ్ల ఫలితాల్లో రెండుచోట్ల దొరికింది. జనం తిరిగే ఇసుక తీరంలోవి ఆసుపత్రుల్లో ఉండేవాటిలాగే మందులకి లొంగలేదు. మనుషులు వెళ్లని ఉప్పుచిత్తడిలో దొరికిన వాటిలో ఒకటి మాత్రం మందులకి లొంగింది, ఎక్కువ వేడిలో మిగతావాటికన్నా మెల్లగా పెరిగింది.